పాత ఫ్రిజ్జు: నిదానమే ప్రధానం

ఇంటిలోని ప్రతి వస్తువుకూ ఒక విశ్రాంతివేళ ఉన్నది. పొయ్యి ఆరుతుంది, మిక్సీ మూగపోతుంది, టెలివిజను కన్ను మూస్తుంది, చివరకు కుళాయి కూడ ఊరుకుంటుంది. పగలనక రాత్రనక, పండుగనక పబ్బమనక పనిచేసేది రిఫ్రిజిరేటరు ఒక్కటే. తెలుగు ఇళ్ళలో ఫ్రిజ్జు అనే పొట్టిపేరుతో స్థిరపడిపోయిన ఈ పెట్టె, పది పదిహేనేళ్ళ ప్రాయం దాటేసరికి, ఊరంతా నిద్రపోయే వేళకు గొంతు విప్పుతుంది. పగలంతా వీధిరొదలో కలిసిపోయిన దాని మూలుగు రాత్రి పదిగంటల తరువాత ఇల్లంతా నిండుతుంది. ఉండి ఉండి గడగడమంటుంది; ఆగేటప్పుడు ఒక్క కుదుపు కుదిపి, పైనున్న గిన్నెలను పలికించి మరీ ఆగుతుంది. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న పెద్దలు ఇటువంటి పెట్టె ప్రక్కన పడుకొని చూచినవారు కారు.

ఇది చాల చిన్న విషయమని కొట్టివేయవచ్చును. కాని ఆ చప్పుడు ఎవరి చెవిన పడుతున్నదో ఆలోచిస్తే అంత చిన్నదిగా కనిపించదు. రెండు గదుల ఇంటిలో ఫ్రిజ్జు ఉండేది వంటింటి గడపలోనో, ముందుగది మూలనో. ఆ ముందుగదిలోనే తాతగారి మంచం ఉంటుంది. పరీక్షలకు చదువుకొనే పిల్లవాని చాప కూడ అక్కడే. వంటింటిలో దినమంతా ఆ మూలుగు వింటూ పనిచేసేది ఇల్లాలు. ఫ్రిజ్జును బాగుచేయించవలెనా, మార్చవలెనా అన్న నిర్ణయం మాత్రం సాధారణంగా తలుపు వేసుకొని లోపలిగదిలో నిద్రించేవారిది. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమావళి నివాసప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళను హద్దుగా విధించింది. వీధిలోని మైకును గురించి ఫిర్యాదు చేసుకోవటానికి ఆ నియమావళి ఉన్నది. ఇంటిలోని ఫ్రిజ్జును గురించి ముసలివారూ పిల్లలూ ఎవరితో చెప్పుకోవలెను? ఇంటివారి న్యాయబుద్ధి తప్ప వారికి వేరే న్యాయస్థానం లేదు.

ఈ చప్పుడు విన్న గృహస్థులు మూడు తెగలవారు. మొదటివారు సహనశీలురు. పాతది గదా, ఆ మాత్రం మూలగదా అని సరిపెట్టుకొని, క్రమంగా అది వినిపించని స్థితికి చెవులను అలవాటు చేసుకుంటారు. రెండవవారు ప్రహార చికిత్సకులు. చప్పుడు మితిమీరినప్పుడల్లా లేచి వెళ్ళి పెట్టె చెంప మీద ఒక చరుపు చరుస్తారు. అది కాసేపు ఊరుకుంటుంది. వారు విజయగర్వంతో వచ్చి పడుకుంటారు. మూడవవారు త్యాగశీలురు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెతను జీవితసూత్రంగా చేసుకొని, మొదటి గడగడ వినగానే పాతదానిని తూకానికి వేసి, వాయిదాల పద్ధతి మీద కొత్తదానిని ఇంటికి తెస్తారు. ముగ్గురి స్వభావాలూ వేరైనా లోపం ఒక్కటే. ముగ్గురూ చప్పుడు విన్నారు. అది ఏమి చెబుతున్నదో మాత్రం ఎవరూ వినలేదు.

సహనం ఉత్తమగుణమే. అయితే యంత్రం విషయంలో సహనానికీ ఉపేక్షకూ మధ్య గోడ చాల పలుచన. లోపలి మోటారు తిరగబోయి తిరగలేక, వేడెక్కి, టిక్కుమని ఆగి, మళ్ళీ కొద్ది నిమిషాలకు ప్రయత్నించి మళ్ళీ ఆగుతూ ఉన్నప్పుడు, దానిని పాత వస్తువు నసగా భావించి ఊరుకున్న ఇంటిలో వేసవి నడుమ ఒకనాడు పాలు విరిగి, దోసెలపిండి పులిసి, ఆ మోటారు కాలిపోయి ఉంటుంది. ముందే విని ఉంటే ఏ చిన్న రిలే మార్పుతోనో తీరిపోయే బాధ, ఆ నాటికి కంప్రెసరునే మార్చవలసిన ఖర్చుగా పెరుగుతుంది.

ప్రహార చికిత్సకుని చేతిలో నిజానికి ఒక ఆధారం ఉన్నది. దెబ్బకు చప్పుడు ఆగినదంటే అర్థమేమి? రెండు వస్తువులు ఒకదానినొకటి తాకుతున్నవి. దెబ్బకు కొద్దిగా ఎడమైనవి. అందుచేత చప్పుడు ఆగినది. అంటే లోపం యంత్రం గుండెలో లేదు, వదులైన ఏ రేకులోనో, మరలోనో ఉన్నది. ఇంత విలువైన సమాచారం అరచేతికి అందినా ఆయన దానిని చదువుకోడు; మరునాటి రాత్రి మళ్ళీ చరుస్తాడు. ఇక త్యాగశీలుని సంగతి ఇంకా చిత్రం. కొత్త పెట్టెను తెచ్చి, అదే ఎగుడుదిగుడు నేల మీద, అదే వంకర స్టాండు పైన, అదే గోడకు ఆనించి నిలబెడతాడు. నెల తిరగకముందే అది కూడ పాట మొదలుపెడుతుంది. తప్పు గాయకునిది కాదనీ, వేదికదనీ అప్పటికి గాని ఆయనకు తోచదు.

ఆయుర్వేదంలో నిదానమనే మాట ఉన్నది. రోగానికి మూలకారణాన్ని నిర్ణయించటం అని దాని అర్థం. మాధవకరుడు రచించిన మాధవనిదానమనే గ్రంథం చికిత్స జోలికి పోకుండా, కేవలం రోగాన్ని గుర్తించే శాస్త్రానికే అంకితమైనది. తెలుగువారి వ్యవహారంలో అదే మాటకు తొందరపాటు లేకపోవటమనే అర్థం స్థిరపడింది. ఈ రెండర్థాలకూ లోపల చుట్టరికం ఉన్నది. కారణం తెలుసుకోవలెనంటే తొందర పనికిరాదు. తొందరపడినవానికి కారణం దొరకదు. నిదానమే ప్రధానమన్న సామెతను రెండర్థాలతోనూ చదువుకోదగిన సందర్భాలలో, పాత ఫ్రిజ్జు చప్పుడు ఒకటి. చప్పుడు రోగం కాదు, రోగలక్షణం. ఒక్కొక్కప్పుడు అది రోగలక్షణం కూడ కాదు, ఆరోగ్యలక్షణం. ఈ వివేచన లేకుండా పెట్టెను భరించటమూ, కొట్టటమూ, పారవేయటమూ మూడూ అవివేకమే.

అసలు ఆ పెట్టె ఎందుకు పలుకుతున్నది? అది చలిని తయారుచేయదు. లోపలి వేడిని మోసుకొనిపోయి బయట పారబోస్తుంది. ఆ మోతకూలి పని ఒక వాయువుది. పెట్టె అడుగున, నల్లని ఇనుపగుండు వలె కనిపించే కంప్రెసరు ఆ వాయువును నొక్కి వేడెక్కిస్తుంది. వెనుకనున్న జాలీగొట్టాలలో అది తన వేడిని గదిలోకి వదలి ద్రవమవుతుంది. తరువాత వెండ్రుకవంటి సన్నని గొట్టం గుండా దూరి, ఒక్కసారి విశాలమైన చోటికి వచ్చి, మరిగి ఆవిరై, ఆ మరుగుదలకు కావలసిన వేడిని లోపలి పదార్థాల నుండి లాగుకుంటుంది. పాత తరహా పెట్టెలలోని కంప్రెసరు మోటారు నిమిషానికి సుమారు 2,900 సార్లు తిరుగుతూ ముషలకాన్ని ముందుకు వెనుకకు ఆడిస్తుంది. ఇంత పరిశ్రమ చేసే యంత్రం నిశ్శబ్దంగా ఉండవలెనని కోరటం, బరువు మోసేవాడు రొప్పకూడదని శాసించటం వంటిది.

కాబట్టి మొదట సహజధ్వనులను ఎరిగి ఉండవలెను. సన్నని హుంకారం సహజం. విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తున్నది. మోటారులోని అయస్కాంత బలం ఒక్కొక్క ఆవృత్తిలో రెండుసార్లు ఉచ్చస్థితికి చేరుతుంది. అందుచేత ఆ హుంకారం సెకనుకు 100 కంపనాల శ్రుతిలో ఉంటుంది. నీరు గుటకలు వేసినట్లు, పాము బుసకొట్టినట్లు వినిపించేది గొట్టాలలో ద్రవం ప్రవహించే చప్పుడు. అప్పుడప్పుడు పుల్ల విరిగినట్లు టక్కుమనేది లోపలి ప్లాస్టిక్కు చలికి ముడుచుకొని, వేడికి సాగే చప్పుడు. ఆగేటప్పటి కుదుపుకు కూడ కారణం ఉన్నది. కంప్రెసరు తన ఇనుపగుండు లోపల స్ప్రింగుల మీద వ్రేలాడుతూ ఉంటుంది. వేగం తగ్గుతూ తగ్గుతూ ఆ స్ప్రింగులకు సహజమైన కంపనవేగాన్ని దాటే ఆ ఒక్క క్షణంలో అది ఊగిపోతుంది. ఊపు స్వల్పమైనంత కాలం భయం లేదు. పెరుగుతూ పోతే మాత్రం స్ప్రింగులో, కంప్రెసరు కాళ్ళక్రింది రబ్బరు దిమ్మలో అలసిపోయినవని గ్రహించవలెను.

ఇక అసహజధ్వనులలో ఎక్కువ భాగం యంత్రానివి కావు, ఇంటివారివి. వీణను చూచినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. తీగను మాత్రమే మీటితే వచ్చే నాదం చాల సన్నది. దానికి కుండ తోడైనప్పుడు గాని అది గది నిండదు. ఫ్రిజ్జులో కంప్రెసరు తీగ. దానికి కుండను అమర్చిపెట్టేది గృహస్థు. వెనుక గొట్టాలు గోడకు ఆనితే గోడ కుండ అవుతుంది. ప్రక్కనున్న బీరువాకు ఒరిగితే బీరువా కుండ అవుతుంది. బోలు రేకుస్టాండు మీద నిలిపితే అది రెండవ కుండ. ఇక పెట్టె నెత్తి మీద తెలుగు ఇళ్ళలో ఉండని వస్తువు లేదు: అల్లికగుడ్డ, దాని మీద మందుల డబ్బా, తాళపుచెవుల పళ్ళెం, చిల్లరడబ్బా, ఇటీవలి పెళ్ళిలో ఇచ్చిన స్టీలుగిన్నె. ఇన్ని వాద్యాలను సమకూర్చి కచేరీ జరుగుతున్నదని కోపగించుకోవటం న్యాయం కాదు.

అందుచేత చికిత్స బయటినుండి లోపలికి సాగవలెను. ముందుగా పైనున్న సామానునంతా దించి ఒక రాత్రి వినవలెను. తరువాత పెట్టెను గోడకు జానెడు దూరం జరపవలెను; అది చప్పుడుకే కాక వేడి పోవటానికి కూడ అవసరం. నాలుగు మూలలలోనూ చేతితో నొక్కి చూస్తే ఏ కాలు నేలను తాకటం లేదో తెలుస్తుంది. ముందుకాళ్ళకు మరలు ఉంటవి. వాటిని త్రిప్పి ఎత్తు సరిచేయవచ్చును. కాళ్ళక్రింద మందపాటి రబ్బరుముక్కలు వేస్తే నేలకు పోయే కంపనం తగ్గుతుంది. పిమ్మట ప్లగ్గు ఊడదీసి, వెనుక గొట్టాల మీద పేరుకున్న దుమ్మును మెత్తని కుంచెతో తుడవవలెను. కంప్రెసరు మీద నీరు పట్టే పళ్ళెం ఒకటి చాల పెట్టెలలో ఉంటుంది. అది వదులై గలగలలాడటం తరచు జరిగేదే. ఇంతవరకు పైసా ఖర్చు లేదు, ఒక ఆదివారపు ఉదయం చాలును. ఎక్కువ ఇళ్ళలో సగం చప్పుడు ఇక్కడనే ఆగిపోతుంది.

ఆగని చప్పుడుకు లోపలి కారణం వెదకవలెను. యంత్రం ఎడతెగక నడుస్తున్నదా? అయితే తలుపు రబ్బరుపట్టీని పరీక్షించవలెను. పదిరూపాయల నోటును తలుపు సందున పెట్టి మూసి లాగితే, పట్టు లేకుండ జారివచ్చిన చోట చలి కారిపోతున్నదని అర్థం. మంచు గట్టిగా పేరుకున్నా యంత్రానికి విరామం దొరకదు. ఆ మంచును కరగనివ్వవలెనే గాని కత్తితో పెళ్ళగించరాదు; కత్తిమొన ఒక్కసారి గొట్టాన్ని పొడిచినదంటే వాయువు పోతుంది, దానితో పెట్టె ప్రాణమూ పోతుంది. మంచు పట్టని తరహా పెట్టెలో గీరుకుంటున్న చప్పుడు వస్తే, లోపలి పంకా రెక్కకు మంచుగడ్డ తగులుతున్నదేమో చూడవలెను. నిమిషాల వ్యవధితో టిక్కు టిక్కుమంటూ మోటారు అందుకోలేకపోతే వోల్టేజి తక్కువో, రిలే చెడినదో, కంప్రెసరు పట్టుకొనిపోయినదో అయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన వెంటనే ఇట్లా జరిగితే, ఐదు నిమిషాలు ఆపి మళ్ళీ వేయవలెను. గొట్టాలలోని ఒత్తిడి రెండువైపులా సమానం కానిదే మోటారు కదలలేదు.

ఇక్కడ మెకానిక్కు ప్రసక్తి వస్తున్నది. ఫ్రిజ్జు చప్పుడు చేస్తున్నదని మాత్రమే చెప్పి అతనిని పిలిపించే గృహస్థు, కడుపులో ఏదోగా ఉన్నదని మాత్రమే చెప్పే రోగివంటివాడు. ఏ వేళ, ఎంతసేపు, మొదలయ్యేటప్పుడా ఆగేటప్పుడా, తలుపు తీస్తే తగ్గుతున్నదా అని గుర్తుపెట్టుకొని చెప్పగలిగినవానికి అనవసరమైన గ్యాసు నింపకాలూ, అక్కరలేని మార్పులూ తప్పుతవి. సీలు చేసిన గొట్టాలలో గ్యాసు వాడుకలో తరిగిపోదు. తగ్గినదంటే ఎక్కడో చిల్లు ఉన్నట్లే. చిల్లు వెదకకుండా గ్యాసు నింపుతానన్నవానిని ప్రశ్నించటానికి ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే చాలును. చెవి యొగ్గి, గుండు మీద చేయి వేసి వేడి చూచి, ఆ తరువాత గాని పనిముట్ల సంచి విప్పని పనివాడు దొరికితే అతనిని గౌరవించి నిలుపుకోవలెను. బజారులో కుండను వ్రేలితో కొట్టి చూచి కొన్న ఇల్లాలిదీ, ఇరుసు కిర్రుమనగానే ఆముదం వెదికిన బండివానిదీ ఆ విద్యయే. విని తెలుసుకొనే ఆ పాండిత్యానికి పట్టాలు లేకపోవటం వల్ల లోకువ రాకూడదు.

చప్పుడును గురించి చరిత్ర చెప్పే కథ ఒకటి ఉన్నది. 1920లలో ఇంటి రిఫ్రిజిరేటర్లలో సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు వంటి విషవాయువులు వాడేవారు. అటువంటి వాయువు కారి బెర్లినులో ఒక కుటుంబం నిద్రలోనే మరణించిన వార్త ఐన్‌స్టైన్ పండితుని కలచివేసింది. ఆయన తన యువమిత్రుడు లియో సిలార్డుతో కలిసి 1926 నుండి కొన్నేళ్ళపాటు, కదిలే భాగాలే లేని, అందుచేత వాయువు కారటానికి సందే లేని రిఫ్రిజిరేటరు కోసం కృషిచేశాడు. ముషలకానికి బదులు ద్రవలోహాన్ని విద్యుదయస్కాంత బలంతో నడిపే పంపును వారు రూపొందించారు. జర్మనీలోని ఏ.ఇ.జి. సంస్థ దాని నమూనాను తయారుచేసింది కూడ. పంపు పనిచేసినది, కాని భరింపరాని చప్పుడు చేసినది. ఆ చప్పుడును తగ్గించే ప్రయత్నాలు సాగుతుండగానే ఆర్థికమాంద్యం వచ్చిపడింది. 1930లో విషం కాని, అంటుకోని కొత్త వాయువు లోకానికి పరిచయమైంది. ఇద్దరు మహామేధావుల పంపు ఏ వంటింటికీ చేరలేదు. సాపేక్షసిద్ధాంతకర్తనే తిప్పలుపెట్టిన చప్పుడు ముందు సామాన్యగృహస్థు చిన్నబుచ్చుకోనక్కరలేదు.

ఆ కొత్త వాయువే ఫ్రియాన్. దానిని రూపొందించిన బృందానికి నాయకుడైన అమెరికా శాస్త్రజ్ఞుడు థామస్ మిడ్జిలీ, 1930లో పండితసభలో దానిని పీల్చి, ఊది కొవ్వొత్తిని ఆర్పి, అది విషమూ కాదు, అంటుకొనేదీ కాదని ఒక్క ఊపిరితో నిరూపించాడు. చప్పుడు లేదు, వాసన లేదు, మంట లేదు. దాదాపు నాలుగు దశాబ్దాలు దానిని అనుమానించినవారు లేరు. 1974లో మోలినా, రోలండు అనే రసాయనశాస్త్రజ్ఞులు, ఆ జాతి వాయువులు పైకెగసి, భూమికి గొడుగువంటి ఓజోను పొరను తినివేయగలవని హెచ్చరించారు. 1985లో దక్షిణధ్రువం మీద ఆ పొర పలుచబడిన సంగతి బయటపడింది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియలులో ఒడంబడిక కుదిరింది. 1992లో భారతదేశం అందులో చేరి, 2008లో ఆ వాయువుల ఉత్పత్తిని నిలిపివేసింది. మోలినా, రోలండులకు క్రుట్జెను పండితునితో పాటు 1995లో నోబెలు బహుమానం లభించింది.

ఈ రెండు కథలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. చప్పుడు చేసిన దోషం మొదటి దినమే పట్టుబడినది. చప్పుడు చేయని దోషం అర్ధశతాబ్ది పాటు ఆకాశాన్ని కొరికినది. చప్పుడు నిద్రకు శత్రువే, కాని ఇంటికి కావలిదారు. కావలిదారు అరిస్తే నోరు మూయించటం కాదు, ఎందుకు అరుస్తున్నాడో లేచి చూడటం గృహస్థధర్మం. పాత పెట్టెను భయపడవలసినది అది మూలిగేటప్పుడు కాదు. దాని ఒంటిని తాకితే చేయి జిల్లుమన్నప్పుడూ, తీగ కమరువాసన వచ్చినప్పుడూ, మూలుగు మామూలుగానే ఉన్నా లోపల చలి తగ్గిపోయినప్పుడూ భయపడవలెను. ఈ ప్రమాదాలలో ఒక్కదానికీ చప్పుడు లేదు.

త్యాగశీలుడు ఆలోచించవలసినది కూడ ఇక్కడనే ఉన్నది. తూకానికి పోయిన పెట్టె ఏమవుతుంది? రాగిగొట్టం కోసం ఒక్క దెబ్బతో దానిని తెంపుతారు. బుస్సుమని వాయువు గాలిలో కలుస్తుంది. చాల పాత పెట్టె అయితే అది ఓజోనుకు శత్రువు. తరువాతి తరంలో వచ్చిన 134ఎ అనే వాయువు ఓజోను జోలికి పోదు గాని, భూతాపాన్ని పెంచటంలో బొగ్గుపులుసు వాయువు కంటె బరువుకు బరువుగా వెయ్యిరెట్లకు పైగా బలమైనది. అందుచేతనే 2016లో కిగాలీ నగరంలో మాంట్రియలు ఒడంబడికను సవరించి, దాని జాతిని కూడ క్రమంగా తగ్గించాలని దేశాలు నిశ్చయించుకున్నవి. ఇప్పటి పెట్టెలలో విరివిగా వాడే 600ఎ అనే వాయువు ఆకాశానికి సాధువే గాని, మండే గుణం కలది. దానిని శిక్షణ లేని చేతికి అప్పగించరాదు. వాయువు పేరు పెట్టె వెనుక రేకు మీద అచ్చువేసి ఉంటుంది. ఇంటిలోని చప్పుడును వదలించుకొనే తొందరలో ఆకాశానికి అపకారం చేయటం, ఇంటిలో ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకోవటం వంటిది. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణకు 2022లో చేసిన కొత్త నియమాలు 2023 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నవి. వాటి ప్రకారం నమోదైన సంస్థలకు పాత పెట్టెను అప్పగించే మార్గం ఉన్నది. గృహస్థు ఆ మార్గం అడిగి తెలుసుకోవలెను.

అట్లా అని పాతదానిని ప్రాణం పోయేవరకు పట్టుకొని వ్రేలాడవలెనని కాదు. 1942లో హైదరాబాదులో నెలకొన్న ఆల్విన్ సంస్థ పేరు మోసిన పాత ఫ్రిజ్జును తండ్రిగారి మొదటి సంపాదనకు గుర్తుగా దాచుకున్న ఇళ్ళు ఉన్నవి. ఆ అభిమానం పూజ్యమైనదే. కాని అభిమానానికి కరెంటు బిల్లు తెలియదు. నిర్ణయానికి మూడు పరీక్షలు చాలును. మొదటిది చలి: గ్లాసుడు నీటిలో ప్రయోగశాల థర్మామీటరు నుంచి రాత్రంతా లోపల పెడితే తెల్లవారి 5 డిగ్రీలకు మించకూడదు. రెండవది మీటరు: పెట్టె ఒక్కటే దినానికి ఎన్ని యూనిట్లు త్రాగుతున్నదో కొలవవలెను. దినానికి 3 యూనిట్లయితే నెలకు 90. ఒక యూనిట్‌తో సరిపెట్టుకొనే కొత్త పెట్టె అయితే 30. మిగిలే 60 యూనిట్ల వెల ఎన్నేళ్ళకు కొత్తదాని వెలను తీరుస్తుందో ఎనిమిదవ తరగతి విద్యార్థి లెక్కకట్టగలడు. మూడవది భద్రత: దాని తీగలూ, ఎర్తూ నమ్మదగినవేనా? ఈ మూడింటిలో నెగ్గిన పెట్టె ఎంత మూలిగినా ఉంచుకోదగినదే. మూలుగుకు మందు వేరే ఉన్నది. వీటిలో ఓడినది ఎంత మౌనంగా ఉన్నా సాగనంపదగినదే. చప్పుడు విచారణకు పిలుపు మాత్రమే, తీర్పు కాదు.

ఈ విచారణను పిల్లలకు అప్పగిస్తే ఇంకా మేలు. పాఠశాలలో కంపనం, అనునాదం, గుప్తోష్ణం అన్న మాటలను విద్యార్థులు కంఠస్థం చేస్తున్నారు. ఆ మూడూ తమ వంటింటి మూలన రాత్రింబగళ్ళు మోగుతున్నవని చాలమంది ఎరుగరు. పది నిమిషాలు ఫ్రిజ్జు ముందు కూర్చొని విన్న చప్పుళ్ళను వరుసగా వ్రాసుకొని రమ్మని భౌతికశాస్త్రోపాధ్యాయుడు ఒకనాడు చెప్పవచ్చును. ఆ చప్పుళ్ళకు తగిన మాటలు వెదకుమని తెలుగు ఉపాధ్యాయుడు మరునాడు అడగవచ్చును. గలగల, గడగడ, టకటక, బుసబుస, గుటగుట, రొద, మూలుగు, హోరు అని ధ్వనికొక పేరు పెట్టిన భాష ఇది. ఏ మాట దేనికి తగునో తేల్చుకోవలెనంటే మళ్ళీ వెళ్ళి వినవలసిందే. గడగడకూ గలగలకూ భేదం తెలిసిన పిల్లవాడు మెకానిక్కుకు సగం పని తగ్గిస్తాడు. భాషలో కచ్చితత్వం ఎందుకో అతనికి వేరే బోధించనక్కరలేదు.

వినటం వల్ల లాభం యంత్రంతో ఆగిపోదు. పాత ఫ్రిజ్జు మూలుగుకు కారణం వెదకటానికి లేచిన గృహస్థు, ఆ పెట్టె ప్రక్క మంచం మీద ఇన్నాళ్ళుగా నిద్రలేక దొర్లుతున్న తండ్రిని కూడ చూస్తాడు. పెట్టెను జరపటానికి ఒక ఆదివారం పట్టవచ్చును. రబ్బరుముక్కలు బజారు నుండి వచ్చేవరకు, మంచాన్నయినా ఆ రాత్రికే అవతలి గదిలోకి జరపవచ్చును.